పూర్తయిందట, కానీ వచ్చింది 31 ఫైళ్లే! గేమ్ డిస్క్ ఇమేజ్‌తో నా అనుభవం

నా దగ్గరున్న పాత ప్లేస్టేషన్ గేమ్ ఒకదానిలోంచి డైలాగులు, సంగీతం, బొమ్మలు విడివిడిగా బయటికి తీసుకోవాలనుకున్నాను. ప్లేస్టేషన్ అంటే మొదటిది, 1994లో వచ్చింది, గేములన్నీ సిడిల మీదే ఉండేవి. నా సిడిని ఎప్పుడో ఇమేజ్‌గా, అంటే డిస్క్ మొత్తానికి కాపీగా, తీసి పెట్టుకున్నాను. ట్రాక్‌కి ఒకటి చొప్పున బిన్ ఫైళ్లు, వాటితో పాటు ఏ ట్రాక్ ఏ రకమో రాసి ఉండే ఒక చిన్న క్యూ ఫైల్. ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్లేస్టేషన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, గేమ్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత వచ్చిన ప్రతి ఎర్రర్‌కీ "నీ ఇమేజ్ పాడైపోయింది, మళ్లీ తీసుకో" అనే సలహానే ముందు దొరికింది. నడుస్తున్న గేమ్ ఇమేజ్ పాడైందని నేనెందుకు నమ్మాలి?

మొదటి బిన్ ఫైల్‌ని మామూలు జిప్ సాఫ్ట్‌వేర్‌లో తెరవబోతే, ఇది ఆర్కైవే కాదు పొమ్మంది. పేరు చివర బిన్ తీసేసి ఐఎస్ఓ (మామూలు సాఫ్ట్‌వేర్ తెరవగలిగే డిస్క్ ఇమేజ్ రకం) అని పెడితే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు. పేరు మార్చినంత మాత్రాన లోపల బైట్ల అమరిక మారదు కదా. విండోస్‌లో మౌంట్ చేయబోయినా ఎర్రరే.

అసలు సంగతి సెక్టార్ సైజులో ఉంది. సెక్టార్ అంటే డిస్క్ మీద డేటాని రాసే ఒక్కో ముక్క. ఐఎస్ఓ 9660 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో సెక్టార్ 2048 బైట్లు. మొదటి 16 సెక్టార్లు వదిలేసి, ఆ తర్వాతి సెక్టార్‌లో డిస్క్ వివరాలు మొదలవుతాయి. అంటే సాఫ్ట్‌వేర్ నేరుగా 32,769వ ఆఫ్‌సెట్‌కి (ఫైల్ మొదటి నుంచి అన్ని బైట్ల దూరానికి) వెళ్లి అక్కడ "సిడి001" అనే ఐదు అక్షరాలు ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే తెరుస్తుంది, లేకపోతే నాకు తెలియదంటుంది. కానీ సిడి మీద ఉండే ముడి సెక్టార్ 2048 బైట్లు కాదు, 2352. ప్లేస్టేషన్ డిస్క్‌లో డేటా సెక్టార్ తీసుకుంటే మొదట 12 బైట్ల సింక్, 4 బైట్ల హెడర్, 8 బైట్ల సబ్‌హెడర్, ఆ తర్వాత అసలు డేటా 2048, చివర తప్పులు పట్టుకోవడానికి 4 బైట్ల ఇడిసి, తప్పులు దిద్దడానికి 276 బైట్ల ఇసిసి. బిన్ ఫైల్‌లో ఇవన్నీ యథాతథంగా ఉంటాయి. అప్పుడు ఆ "సిడి001" ఉండేది 16 × 2352 + 24 + 1, అంటే 37,657 దగ్గర. సాఫ్ట్‌వేర్ ఒక చోట వెతుకుతుంటే అది ఇంకో చోట ఉంది, అంతే తప్ప డిస్క్‌కి ఏ రోగమూ లేదు.

650 ఎంబి సిడి ఇమేజ్ 747 ఎంబి ఎలా అవుతుందని అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు. 74 నిమిషాల సిడిలో సెకనుకి 75 చొప్పున 3,33,000 సెక్టార్లు. 2048తో గుణిస్తే 650 ఎంబి, 2352తో గుణిస్తే దాదాపు 747 ఎంబి.

ఫైల్‌లోని బైట్లని ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో ఇమేజ్ తెరిచి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. మొదటి 12 బైట్లు ఒక 00, తర్వాత పది ఎఫ్ఎఫ్‌లు, మళ్లీ ఒక 00 ఉంటే అది ముడి ఇమేజ్. 16వ బైట్‌లో 1 ఉందా 2 ఉందా అన్నదాన్ని బట్టి మోడ్, అంటే సెక్టార్ లోపలి అమరిక ఏ రకమో, తెలుస్తుంది. నాది మోడ్ 2. క్యూ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అందులో ట్రాక్ 01 మోడ్2/2352 అని రాసి ఉంటుంది. కానీ క్యూ ఫైల్‌ని ఎవరైనా చేత్తో రాసి ఉండొచ్చు కాబట్టి నేను హెక్స్ ఎడిటర్‌నే నమ్ముతాను.

సరే, బిచంక్ అనే చిన్న కమాండ్ టూల్‌కి బిన్, క్యూ రెండూ ఇచ్చాను. అది ప్రతి సెక్టార్‌లో మొదటి 24 బైట్లు వదిలేసి, తర్వాతి 2048 మాత్రం తీసి ఐఎస్ఓగా రాసి ఇస్తుంది. ఆ ఐఎస్ఓని 7-జిప్‌లో తెరిస్తే ఫోల్డర్లన్నీ చక్కగా కనిపించాయి. సిస్టమ్.సిఎన్ఎఫ్ ఉంది, దాన్ని తెరిస్తే గేమ్ బూట్ అయ్యే ఫైల్ పేరు ఉంది. బొమ్మల ఫైళ్లు బాగానే వచ్చాయి. నాకు ముఖ్యమైన ఎక్స్ఎ ఫైళ్లు, అంటే కథ మధ్యలో వచ్చే డైలాగులూ కొంత సంగీతమూ ఉన్నవి, వాటిని మార్చి వింటే మాత్రం గరగర. మధ్యమధ్యలో ఒక మాట వినిపించినట్టే ఉంటుంది, అంతలో ఇంకో గొంతు అడ్డొస్తుంది.

ఇక్కడ ప్లేస్టేషన్ డిస్క్‌ల ప్రత్యేకత ఒకటి తెలుసుకోవాలి. మోడ్ 2లో రెండు రకాల సెక్టార్లు ఉంటాయి. ఫారం 1లో డేటా 2048 బైట్లు, నేను పైన చెప్పింది అదే. ఫారం 2లో ఇసిసి తీసేసి ఆ జాగా కూడా డేటాకే ఇచ్చేస్తారు కాబట్టి 2324 బైట్లు. ప్రోగ్రామ్‌లో ఒక్క బిట్ తప్పినా గేమ్ ఆగిపోతుంది, శబ్దంలో ఒక బిట్ తప్పితే చెవికి తెలియను కూడా తెలియదు, అందుకని శబ్దానికి ఫారం 2 వాడారు. ఎక్స్ఎ ఆడియోలో ఒక్కో సెక్టార్‌లో 128 బైట్ల ముక్కలు 18 ఉంటాయి. 2048 దగ్గర కోసేస్తే సరిగ్గా 16 ముక్కలు మిగిలి రెండు పోతాయి. పైగా సబ్‌హెడర్ కూడా పోయింది, నిజానికి పెద్ద నష్టం అదే. ఒకే ఎక్స్ఎ ఫైల్‌లో ఎనిమిది శబ్దాలు ఒకదాని మధ్య ఒకటి పేర్చి ఉండొచ్చు. మొదటి సెక్టార్ ఒక ఛానెల్‌ది, రెండోది ఇంకో ఛానెల్‌ది, అలా ఎనిమిది తిరిగాక మళ్లీ మొదటిది. ఏ సెక్టార్ ఏ ఛానెల్‌దో చెప్పేది ఆ సబ్‌హెడరే. దాన్ని పారేశాక ఎనిమిది గొంతులూ కలగాపులగం కాక ఏమవుతాయి!

బిచంక్‌ని తప్పుపట్టడానికి లేదు, 2048 బైట్ల ఐఎస్ఓ ఇమ్మని అడిగితే అదే ఇచ్చింది. ఆ ఐఎస్ఓలో ఎక్స్ఎ శబ్దం పట్టదు. కాబట్టి ముడి బిన్‌ని నేరుగా చదివి, ఫారం 2 సెక్టార్లని సబ్‌హెడర్‌తో సహా 2336 బైట్లుగా రాసే టూల్ కావాలి. వెతగ్గా ఎవరో రాసిన చిన్న పైథాన్ స్క్రిప్ట్ దొరికింది. పేరు చెప్పను, ఉచితంగా రాసి పెట్టిన మనిషిని రచ్చకీడ్చడం నాకిష్టం లేదు. నడిపాను. ఎర్రర్ ఏమీ లేదు, చివర "పూర్తయింది" అని వచ్చింది. ఫోల్డర్ తెరిస్తే డైలాగుల్లో సగం పైగా లేవు.

ఇలాంటి చోట ఎర్రరే నయం. ఎర్రర్ వస్తే కనీసం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, పూర్తయిందని నవ్వుతూ చెప్పి సగం ఫైళ్లు మింగేస్తే ఎవరిని అడగాలి? నా దగ్గర బిచంక్ ఇచ్చిన ఐఎస్ఓ ఇంకా ఉండబట్టి బతికిపోయాను. అందులో శబ్దాలు పనికిరాకపోయినా ఫైళ్ల పేర్ల జాబితా మాత్రం పూర్తిగా ఉంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, డైలాగుల ఫోల్డర్‌లో 120 ఫైళ్లు ఉండాలి, స్క్రిప్ట్ తీసినవి 31. పేర్ల నిడివి ఒకేలా ఉన్న ఇంకో పెద్ద ఫోల్డర్ చూశాను, అక్కడా 31. చిన్న ఫోల్డర్లలో మాత్రం ఒక్కటీ తగ్గలేదు. ఇమేజ్ పాడైతే ఇంత లెక్కగా పాడవదు. గీతలు పడిన డిస్క్ ఎక్కడ పడితే అక్కడ పోతుంది గానీ ప్రతి ఫోల్డర్‌లోనూ 31 దగ్గరే ఆగదు.

ఎందుకు 31? కాగితం మీద లెక్క వేశాను. ఐఎస్ఓ 9660లో ఫోల్డర్ అంటే నిజానికి ఒక పట్టిక. ఒక్కో ఫైల్‌కి ఒక్కో రికార్డు, రికార్డు మొదటి బైట్‌లో దాని పొడవు. 33 బైట్ల వివరాలు, ఆపైన పేరు. నా డైలాగు ఫైళ్ల పేర్లన్నీ ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు, చివర ;1 కలిపి 14. 33కి 14 కలిపితే 47, బేసి సంఖ్య రాకుండా ఒకటి కలిపి 48, ప్లేస్టేషన్ డిస్క్‌లో ఎక్స్ఎ వివరాలకి ఇంకో 14, మొత్తం 62. పట్టిక మొదట్లో ఈ ఫోల్డర్‌కి ఒకటి, పై ఫోల్డర్‌కి ఒకటి చొప్పున 48 బైట్ల రికార్డులు రెండు. 2048లో 96 తీసేస్తే 1952. దాన్ని 62తో భాగిస్తే 31 వచ్చి 30 బైట్లు మిగులుతాయి!

ఆ 30 బైట్లలోనే ఉంది కిటుకంతా. ఒక రికార్డు రెండు సెక్టార్ల మీదుగా విరగకూడదని నియమం. సెక్టార్ చివర కొత్త రికార్డుకి చోటు చాలకపోతే అక్కడ సున్నాలు నింపి తర్వాతి సెక్టార్‌లో మొదలుపెడతారు. మన స్క్రిప్ట్ ఏం చేస్తోందంటే, రికార్డు పొడవు సున్నా అని కనిపించగానే పట్టిక అయిపోయిందనుకుని బయటికి వచ్చేస్తోంది. పేజీ కింద ఒక గీత ఖాళీగా కనిపించేసరికి, తిప్పకుండానే పుస్తకం అయిపోయిందని మూసేసినట్టు. డైలాగుల ఫోల్డర్ పట్టిక సైజు 8192, అంటే నాలుగు సెక్టార్లు. చదివింది ఒక్కటే.

కోడ్ తెరిస్తే సరిగ్గా అదే ఉంది, సున్నా వస్తే బ్రేక్, అంటే చదవడం ఆపేయమని. దాన్ని తీసేసి, సున్నా వస్తే తర్వాతి 2048 గుణిజానికి దూకాలి, ఫోల్డర్ రికార్డులో రాసిన సైజు దాటాకే ఆగాలి అని మార్చాను. రెండు మూడు లైన్ల పని. మళ్లీ నడిపితే 120 ఫైళ్లూ వచ్చాయి. రాసినాయన ఫోల్డర్‌కి పాతిక ఫైళ్లున్న గేమ్‌తో మాత్రమే పరీక్షించి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. ఈ సవరణ ఆయనకి పంపాను కూడా.

అప్పుడు ఇంకోటి మొదలైంది. ఇంతకుముందు పూర్తయిందని చెప్పిన స్క్రిప్ట్ ఇప్పుడు చివర్లో ఫైల్ హద్దు దాటిందని ఎర్రర్ ఇచ్చి పడిపోతోంది. టెన్షన్ పడ్డాను గానీ, ఎక్కడ పడిందో చూస్తే డిఎ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్ల దగ్గర. ఇవి నిజమైన ఫైళ్లు కావు. సిడిలో రెండో ట్రాక్ నుంచి మామూలు పాటల సిడిలో లాగా సంగీతం ఉంటుంది, ఆ ట్రాక్‌లని చూపిస్తూ ఫోల్డర్‌లో ఊరికే పేరు పెట్టి ఉంచుతారు. అవి చూపించే సెక్టార్లు మొదటి బిన్‌లో ఉండవు, మిగతా బిన్‌లలో ఉంటాయి. కాబట్టి స్క్రిప్ట్‌లో వాటిని దాటేయమని రాసి, ఆ సంగీతాన్ని నేరుగా మిగతా బిన్‌ల నుంచే తీసుకున్నాను. అది చాలా తేలిక. వాటిలో హెడరూ లేదు, ఫైల్ సిస్టమూ లేదు, 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో శబ్దం అలాగే ఉంటుంది. ఆడాసిటీ అనే శబ్దాల ఎడిటర్‌లో రా డేటాగా ఇంపోర్ట్ చేసి, లిటిల్ ఎండియన్ (బైట్ల వరుస ఎటు నుంచో చెప్పే ఎంపిక) అని ఎంచుకుంటే చాలు. ఎండియన్ తప్పు ఎంచుకుంటే స్పీకర్ చించేసినంత హోరు వస్తుంది, ముందే వాల్యూమ్ తగ్గించుకోండి. కొన్ని ట్రాక్‌ల మొదట్లో రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంటే కంగారు పడక్కర్లేదు, అది ట్రాక్‌ల మధ్య ఉండే ఖాళీ, 150 సెక్టార్లు.

ఎక్స్ఎ ఫైళ్ల ఛానెళ్లు విడదీయడానికి జెపిఎస్ఎక్స్‌డెక్ వాడాను. జావాలో నడుస్తుంది. బిన్ ఇమేజ్‌నే నేరుగా ఇస్తే మొత్తం వెతికి ఏ సెక్టార్‌లో శబ్దం ఉంది, ఎక్కడ వీడియో ఉంది అని జాబితా చేసి, వేవ్ ఫైళ్లుగా ఇచ్చేస్తుంది. శబ్దం, వీడియో మాత్రమే కావాలనుకునేవాళ్లు ముందే దీని దగ్గరికి వెళ్తే సగం గొడవ తప్పుతుంది. ఫోల్డర్లతో సహా అంతా కావాలంటే డంప్‌సెక్సిసో లాంటి ప్లేస్టేషన్ కోసమే రాసిన టూల్ మేలు. అది ఫారం 2 ఫైళ్లనీ, డిఎ ట్రాక్‌లనీ గుర్తుపడుతుంది, ఏ ఫైల్ ఏ సెక్టార్‌లో ఉందో ఒక ఎక్స్ఎంఎల్‌లో రాసి పెడుతుంది కూడా.

చిన్న చిన్న చిరాకులు కూడా ఉన్నాయి. కొన్ని టూల్స్ ఫైల్ పేరు చివర ;1 అలాగే ఉంచేస్తాయి, అది వెర్షన్ నంబర్, అప్పుడు విండోస్‌కి ఎక్స్‌టెన్షన్ అర్థం కాదు, పేర్లన్నీ మార్చుకోవాల్సిందే. ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టుకునే అలవాటుంటే ఈ పని వరకు మానుకోండి. పాత టూల్స్ వాడే ఆన్సి కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) విండోస్‌లో తెలుగుకి లేదు, కాబట్టి యూనికోడ్ తెలియని పాత టూల్స్‌కి ఆ దారి ప్రశ్నార్థకాల వరుసలాగా కనిపించి ఫైల్ లేదంటాయి. ఇక ఇమేజ్ సిహెచ్‌డి రూపంలో ఉంటే అది కుదించిన ఫైల్, దాన్ని నేరుగా విప్పాలని చూడకుండా మేమ్ అనే ఎమ్యులేటర్‌తో వచ్చే సిహెచ్‌డిమ్యాన్‌లో ఎక్స్‌ట్రాక్ట్‌సిడి కమాండ్‌తో బిన్, క్యూగా మార్చుకుని మొదలుపెట్టాలి.

ఇంతకీ ఇమేజ్ నిజంగానే పాడైతే? అలా జరగదని కాదు. కానీ దానికి ఊహలెందుకు, ప్రతి ఫారం 1 సెక్టార్‌లోనూ ఇడిసి ఉంది కదా, సెక్టార్లన్నీ లెక్కగట్టి చూసే టూల్స్ ఉన్నాయి. ఫారం 2లో మాత్రం ఇడిసి తప్పనిసరి కాదు, సున్నాలు ఉండొచ్చు, వాటిని చూసి తప్పు అని అరిచే టూల్ మాట పట్టించుకోవద్దు. డిస్క్‌ల వివరాలు భద్రపరిచే రీడంప్ డేటాబేస్‌లో మీ డిస్క్ ఉంటే ట్రాక్‌ల హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) అక్కడ దొరుకుతుంది, దాంతో పోల్చితే ఇంకా గట్టి రుజువు. నాది కలిసింది.

ఇదంతా చూసి మా తమ్ముడు తన మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్ ఇమేజ్ పట్టుకొచ్చాడు.

"అన్నయ్యా, ఇది ఐఎస్ఓనే, తెరుచుకుంటోంది కూడా. కానీ లోపల చిన్న వీడియో తప్ప గేమ్ లేదు. సరిగ్గా కాపీ అవలేదా?"

సైజు ఏడు జిబి పైనే ఉంది, అంత సైజులో ఒక చిన్న వీడియోనేనా? ఎక్స్‌బాక్స్ డిస్క్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది మామూలు డివిడి ప్లేయర్ల కోసం, ఇది ఎక్స్‌బాక్స్‌లో పెట్టండి అని చెప్పే వీడియో. అసలు గేమ్ రెండో భాగంలో, ఎక్స్‌డివిడిఎఫ్ఎస్ అనే వేరే ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది. పూర్తి డిస్క్ ఇమేజ్ అయితే అది 40,57,98,912వ బైట్ నుంచి మొదలవుతుంది. మామూలు సాఫ్ట్‌వేర్ మొదటి భాగం చూసి, తనకి అర్థమైంది చూపించి ఊరుకుంటుంది. ఎక్స్‌ట్రాక్ట్-ఎక్స్ఐసో కొత్త వెర్షన్‌కి ఇస్తే రెండో భాగాన్ని అదే వెతుక్కుని మొత్తం విప్పింది. వాడి ముఖం వెలిగిపోయింది, నా పని ఇంకా అవలేదు.

ఎందుకంటే నా ప్లేస్టేషన్ గేమ్ బొమ్మల్లో చాలావరకు .DAT అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఒక పెద్ద ఫైల్ లోపల ఉన్నాయి. డిస్క్ నుంచి ఫైల్ తీయడం ఒకెత్తు, ఆ ఫైల్ కంపెనీ సొంతంగా కట్టుకున్న మూట అయితే అది ఇంకో ఎత్తు, దానికి ఏ ఐఎస్ఓ టూలూ పనికిరాదు. హెక్స్ ఎడిటర్‌లో చూస్తే మొదట్లో నాలుగేసి బైట్ల అంకెలు, ఒకదానికంటే ఒకటి పెద్దగా పెరుగుతూ పోతున్నాయి. వాటిని 2048తో గుణించి ఆ ఆఫ్‌సెట్లకి వెళ్తే కొన్నిచోట్ల హెక్స్‌లో 10, ఆ వెంటనే మూడు సున్నా బైట్లు కనిపించాయి. ప్లేస్టేషన్ బొమ్మల ఫార్మాట్ టిమ్ అలాగే మొదలవుతుంది. ఆ పట్టిక ప్రకారం ముక్కలు కోసే కోడ్ అదే స్క్రిప్ట్‌లో కలిపాను, టిమ్ బొమ్మలన్నీ రంగులతో సహా తెరుచుకున్నాయి. మిగిలిన ముక్కలు కంప్రెస్ చేసి ఉన్నట్టున్నాయి, డైలాగుల అక్షరాలు బహుశా వాటిలోనే ఉన్నాయి. వాటి జోలికి ఇంకా పోలేదు.